పెద్ద మిషన్ వదిలి చిన్న మిషన్ పట్టిన పెద్దాయన

ఎడ్మంటన్ నుంచి ఆగ్నేయంగా కారులో ఓ గంట వెళితే కామ్‌రోజ్ అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టూ గోధుమ పొలాలు, కనోలా పొలాలు. కెనడాలో ఉన్న మనవాళ్లలో చాలామంది ఆ దారిన పనికో, ట్రక్కు లోడుకో వెళ్లి ఉంటారు. బోర్డు చూసి ముందుకు పోయి ఉంటారు. కంప్యూటర్ ప్రపంచంలో నోబెల్ అంతటిదిగా చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి ఆ పొలాల్లోనే పుట్టాడని నాకూ మొన్నమొన్నటి దాకా తెలియదు.

ఆయన పేరు కెన్నెత్ ఐవర్సన్. తొమ్మిదో తరగతితో బడి మానేసి పొలం పని చేసినవాడు. పోస్టులో వచ్చే పాఠాలు చదువుకుని పైకొచ్చినవాడు. గదులకు గదులు నిండే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల మీద పేరు సంపాదించి, డెబ్బై ఏళ్ల వయసు దగ్గర పడుతుండగా వాటిని వదిలేసి బల్ల మీద పట్టే చిన్న కంప్యూటర్ల కోసం పని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినవాడు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు పెద్ద మిషన్లను కాదని చిన్న సర్వర్ల వైపు ఎందుకు వెళ్లారు అన్న ప్రశ్నకు ఈయన జీవితంలోనే జవాబు దొరుకుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. సివిల్ డిప్లొమా చేసి సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేసేవాణ్ని. మా పెదనాన్న గారి అబ్బాయి వై2కె రోజుల్లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేశాడు. ఆ తర్వాత అందరూ జావా నేర్చుకోమంటే మళ్లీ మొదటికొచ్చాడు. అంత పెద్ద మిషన్‌ను ఎందుకు వదిలేశారన్నయ్యా అని అప్పుడు అడిగితే ఆయన దగ్గర సరైన సమాధానం లేదు. ఐవర్సన్ కథ చదివాక నాకు కొంత అర్థమైంది.

ఒకే గది బడి

ఐవర్సన్ 1920 డిసెంబర్ 17న కామ్‌రోజ్ దగ్గర పుట్టారు. తల్లిదండ్రులు అమెరికాలోని నార్త్ డకోటా నుంచి ఆల్బెర్టాకు వచ్చిన రైతులు. వాళ్ల పూర్వీకులది నార్వే. అంటే ఆ ఇంట్లో వలస కొత్తేమీ కాదు.

అన్ని తరగతులకూ ఒకే గది ఉన్న బడిలో 1926లో చేరారు. చురుకైన పిల్లాడని మూడు నెలలకే రెండో తరగతిలోకి పంపారు, మరుసటి ఏడాది జూన్ ముగిసేసరికి నాలుగులోకి ఎక్కించారు. కానీ 1930లలో మహామాంద్యం వచ్చిపడింది. పొలంలో పనికి మనుషులు కావాలి. పైచదువు చదివితే బడిపంతులు ఉద్యోగమే గతి అనుకున్నారు, అదేమో ఆయనకు ఇష్టం లేదు. తొమ్మిదో తరగతితో పుస్తకాలు మూసేశారు.

మూసేశారు అన్నానుగానీ పూర్తిగా మూయలేదు. పదిహేడేళ్ల వయసులో రేడియో రిపేరు పాఠాల కోసం షికాగోలోని ఓ సంస్థకు చెందిన కరస్పాండెన్స్ కోర్సులో చేరారు. ఎక్కడో దొరికిన పుస్తకం పట్టుకుని కాలిక్యులస్ తనంతట తానే నేర్చుకున్నారు. పగలు పొలం, రాత్రి లెక్కలు. షిఫ్టు అయ్యాక రూములో కూర్చుని పరీక్షలకు చదివే మన కుర్రాళ్లకు ఈ బతుకు వేరే చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ను సైన్యంలోకి తీసుకున్నారు. తర్వాత కెనడా వైమానిక దళంలో పనిచేశారు. అక్కడ కూడా తీరిక దొరికినప్పుడల్లా పోస్టు పాఠాలే. హైస్కూలు చదువు దాదాపు అలాగే పూర్తి చేశారు. యుద్ధం అయ్యాక మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ అవకాశం వదిలితే ఊరుకోనని తోటి సైనికుడు ఒకడు బెదిరించినంత పని చేశాడట. అలా కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో చేరి, 1950లో గణితం, భౌతికశాస్త్రాల్లో డిగ్రీ అందుకున్నారు. క్లాసులో మొదటి స్థానం ఆయనదే. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది.

హార్వర్డ్‌లో చేరాక...

అక్కడి నుంచి అమెరికా. హార్వర్డ్‌లో 1951లో మాస్టర్స్, 1954లో డాక్టరేట్. గురువు హోవర్డ్ ఐకెన్. 51 అడుగుల పొడవున్న మార్క్ 1 అనే మిషన్‌కు మూలపురుషుడు ఆయన. తర్వాత 1973లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న వాసిలీ లియొంటీఫ్ దగ్గర కూడా ఐవర్సన్ పనిచేశారు. ఒక దేశంలో ఏ పరిశ్రమ సరుకు ఏ పరిశ్రమకు ఎంత పోతుందో పట్టికలు వేసి లెక్కగట్టే పని అది. అడ్డువరసలు, నిలువువరసలు, వాటి నిండా అంకెలు.

చదువు అయ్యాక అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. బోర్డు మీద రాసేటప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. అంతవరకూ వాడుతున్న గణిత గుర్తులు కంప్యూటర్ చేసే పనిని సూటిగా చెప్పలేకపోతున్నాయి. ఒక్కో పుస్తకంలో ఒక్కో పద్ధతి. అందుకని సొంతంగా గుర్తులు తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి అది కంప్యూటర్ భాష కాదు, పిల్లలకు అర్థమయ్యేలా రాసే పద్ధతి మాత్రమే.

మన పని భాషలో చెబుతాను. ఒక బిల్డింగుకు ఎస్టిమేట్ వేస్తున్నాం అనుకోండి. ఒక వరసలో క్వాంటిటీలు, ఇంకో వరసలో రేట్లు. మామూలు కంప్యూటర్ భాషలో అయితే మొదటి ఐటమ్ తీసుకో, రేటుతో హెచ్చవెయ్యి, పక్కన పెట్టు, రెండోది తీసుకో అంటూ ఒక్కొక్కటీ చెప్పాలి. ఐవర్సన్ పద్ధతిలో ఈ వరసను ఆ వరసతో హెచ్చవేసి మొత్తం కూడు అని నాలుగైదు గుర్తుల్లో అయిపోతుంది. ఐటములు పది ఉన్నా పదివేలు ఉన్నా రాత అంతే.

ఆయన పెట్టిన గుర్తుల్లో రెండు ఈరోజు ప్రపంచమంతా గణిత పుస్తకాల్లో ఉన్నాయి. ఫ్లోర్, సీలింగ్ అంటారు. లెక్కలో 12.3 బస్తాల సిమెంటు వస్తే కొట్లో 13 కొనాలి కదా, అది సీలింగ్. చేతిలో ఉన్న కడ్డీలో నాలుగున్నర ముక్కలు వస్తాయంటే పనికొచ్చేవి నాలుగే, అది ఫ్లోర్. మేస్త్రీకి తెలిసిన లెక్కకే ఆయన గుర్తు పెట్టారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. అచ్చయిన రచనలు చాలవన్నారు. 1960లో బయటికొచ్చి ఐబీఎం రీసెర్చిలో చేరారు. జీతం రెట్టింపైంది. 1962లో ఆయన పుస్తకం వచ్చింది. దాని పేరే ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపి తర్వాత భాషకు ఏపీఎల్ అన్న పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన నాకు ఏపీ అన్న రెండక్షరాలు కనబడగానే కొంచెం నవ్వొచ్చింది లెండి!

పెద్ద మిషన్ రోజులు

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టమ్/360 అనే మెయిన్‌ఫ్రేమ్ వరసను ప్రకటించింది. ఆ మిషన్ లోపల పని ఎలా జరుగుతుందో ఐవర్సన్, సహచరులు ఏడిన్ ఫాల్కాఫ్, ఎడ్ సస్సెన్‌గుత్ కలిసి ఈ గుర్తులతోనే రాసి అదే ఏడాది అచ్చువేశారు. అంతవరకూ కాగితం మీదే ఉన్న భాష 1966 చివర్లో 360 మీద నిజంగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. లారీ బ్రీడ్, డిక్ లాత్‌వెల్, రోజర్ మూర్ ఆ పని చేసిన ప్రధానులు. వాళ్లకు 1973లో గ్రేస్ హాపర్ అవార్డు వచ్చింది.

అప్పట్లో మెయిన్‌ఫ్రేమ్‌ను కొనేవాళ్లకన్నా నెలవారీ అద్దెకు తీసుకునేవాళ్లే ఎక్కువ. దానికి ప్రత్యేకంగా గది, చల్లదనం, కరెంటు, చూసుకునే మనుషులు. చిన్న కంపెనీ అంత భారం మోయలేదు. అందుకే టైమ్ షేరింగ్ వచ్చింది. ఒకే మిషన్, దానికి ఫోన్ లైన్ల మీద తగిలించిన ఎన్నో టైపు మిషన్లు. వాడుకున్న సమయానికి డబ్బు కట్టాలి. టవర్ క్రేన్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకున్నట్టన్నమాట.

ఈ వ్యాపారంలో కెనడా వాళ్లే గొప్పగా నెగ్గారు. టొరంటోలో ఫెరాంటీ-ప్యాకర్డ్ అనే కంపెనీ తన కంప్యూటర్ విభాగం మూసేసినప్పుడు ఇయాన్ షార్ప్ తన సహచరులతో కలిసి 1964లో ఐ.పి. షార్ప్ అసోసియేట్స్ పెట్టారు. పైన చెప్పిన రోజర్ మూర్ ఆ జట్టులోనివారే. 1969 నుంచి వాళ్లు ఏపీఎల్‌ను టైమ్ షేరింగ్ పద్ధతిలో అమ్మారు. 1970లలో సొంత నెట్‌వర్క్ కూడా వేసుకున్నారు. మిషన్ టొరంటోలో ఉంటే, దాన్ని వాడుకునే కస్టమర్లు ఎన్నో దేశాల్లో ఉండేవారు.

ఐవర్సన్‌కు 1979లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆలోచనకు గుర్తులు ఎలా పనిముట్లు అవుతాయో ఆ సందర్భంగా ఆయన చేసిన ప్రసంగాన్ని ఇప్పటికీ చదువుతారు. మరుసటి ఏడాది, 1980లో, ముప్పై ఏళ్లు అమెరికాలో గడిపిన ఆయన ఐబీఎంను వదిలి కెనడాకు తిరిగొచ్చి ఐ.పి. షార్ప్‌లో చేరారు. అప్పటికి అరవై ఏళ్లు వస్తున్నాయి.

చిన్న మిషన్లు వచ్చేశాయి

ఇక్కడే కథ మలుపు తిరిగింది. మొదటి హెచ్చరిక కూడా టొరంటో నుంచే వచ్చింది. క్వీన్స్ యూనివర్సిటీలో పనిచేసిన మెర్స్ కుట్ అనే ఆయన కంపెనీ పెట్టి 1973లో ఎంసీఎం/70 అనే బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్‌ను బయటపెట్టారు. లోపల ఇంటెల్ 8008 చిప్. అందులో నడిచే భాష ఏపీఎల్! యాపిల్ కంపెనీ పుట్టడానికి ఇంకా మూడేళ్లు ఉన్న రోజులవి. 1975లో ఐబీఎం కూడా 5100 అనే మోసుకెళ్లే మిషన్ తెచ్చింది. బరువు దాదాపు 23 కిలోలు, ధర 8,975 డాలర్ల నుంచి 19,975 డాలర్ల దాకా. చిత్రం ఏమిటంటే, అందులో ఏపీఎల్‌ను కొత్తగా రాయలేదు. చిన్న మిషన్ చేత సిస్టమ్/360 వేషం వేయించి, పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామునే దాని మీద నడిపారు.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. గంటకింత అని కట్టే కస్టమర్ ఆలోచించడం మొదలుపెట్టాడు. కొన్ని నెలల బిల్లుతో సొంత మిషనే వచ్చేస్తుంటే అద్దె ఎందుకు? టైమ్ షేరింగ్ వ్యాపారం అన్నిచోట్లా తగ్గుతూ వచ్చింది. ఐ.పి. షార్ప్‌కు ఆర్థిక సమాచారపు డేటాబేసులే పెద్ద ఆస్తిగా మిగిలాయి. 1987లో రాయిటర్స్ ఆ కంపెనీని కొనేసింది. ఐవర్సన్ ఉద్యోగ విరమణ చేసింది కూడా ఆ ఏడాదే.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాడి వైపు నుంచి చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. మా సైట్‌లో కిటికీలు బిగించే సబ్‌కాంట్రాక్టర్ ఉంటాడు. ప్రతి అద్దం పైకెక్కించడానికీ మెయిన్ కాంట్రాక్టర్ టవర్ క్రేన్ కోసం వరసలో నిలబడితే అతని పని సాగదు. అందుకే చిన్న క్రేన్ ట్రక్కు సొంతంగా తెచ్చుకుంటాడు. టవర్ క్రేన్ ఎత్తే బరువు అది ఎత్తదు. కానీ అతనిది, అతను చెప్పినప్పుడు కదులుతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లదీ అదే లెక్క. మెయిన్‌ఫ్రేమ్ కోసం ప్రోగ్రాము రాయాలంటే ముందు మెయిన్‌ఫ్రేమ్ దొరకాలి. పరీక్షించడానికి దాని మీద సమయం కొనాలి. రాశాక కొనేవాళ్లు ఎవరు? ఆ మిషన్ ఉన్న బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వాలు. సంఖ్య తక్కువ. పైగా ఆ మిషన్ల మీద సాఫ్ట్‌వేర్ లైసెన్సు చాలాసార్లు మిషన్ శక్తిని బట్టి ఉంటుంది. కస్టమర్ మిషన్ పెంచితే బిల్లూ పెరుగుతుంది. చిన్న సర్వర్ అయితే రాసేవాడి బల్ల కింద ఒకటి ఉంటుంది, కొనేవాడి ఆఫీసులో అలాంటిదే ఇంకొకటి ఉంటుంది. కాలేజీ నుంచి వచ్చే పిల్లలకు అదే తెలుసు. కస్టమర్ పెరిగితే ఇంకో సర్వర్ పక్కన పెడతాడు.

మరో పెద్ద కారణం భాష. పాత ఏపీఎల్ 360 మిషన్ సొంత అసెంబ్లీ భాషలో రాసింది. అది ఆ ఇంటి గోడలో కట్టేసిన బీరువా లాంటిది. ఇల్లు మారితే వెంట రాదు. సీ భాషలో రాసిన ప్రోగ్రామును మాత్రం కొద్ది మార్పులతో ఏ మిషన్‌కైనా తీసుకెళ్లవచ్చు.

అరవై తొమ్మిదేళ్లకు కొత్త పునాది

ఐవర్సన్ ఈ సంగతిని పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఎదురుగా చూశారు. రిటైరయ్యాక ఆయన మనసు మళ్లీ పాఠాల మీదికి పోయింది. బడి పిల్లాడు కూడా కొనగలిగేంత చవగ్గా, రకరకాల కంప్యూటర్ల మీద నడిచేలా, మామూలు ప్రింటరు మీద అచ్చు వచ్చేలా ఒక భాష కావాలనుకున్నారు. ఏపీఎల్‌కు ఉన్న చిక్కు దాని గుర్తులే. వాటికోసం వేరే అక్షరాల గుండు ఉన్న టైపు మిషన్, వేరే కీబోర్డు ఉండాలి.

ఇక్కడ ఆ మనిషి చేసిన పని చూడండి. ఏ గుర్తుల వల్ల ఆయనకు ప్రపంచమంతా పేరొచ్చిందో ఆ గుర్తులనే పక్కన పెట్టేశారు. మామూలు కీబోర్డు మీద ఉండే చుక్కలు, కోలన్లు, గీతలతోనే సరిపెట్టేలా మొత్తం తిరగరాశారు. ఏపీఎల్ అభిమానుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు. కట్టిన ఇంటిని కట్టినవాడే విప్పుతుంటే లోపల ఉన్నవాళ్లకు కష్టంగానే ఉంటుంది మరి.

1989 వేసవిలో ఆర్థర్ విట్నీ అనే యువ సహచరుడు ఆంటారియోలోని ఐవర్సన్ ఇంటికి వచ్చి, ఒక మధ్యాహ్నం చిన్న కంప్యూటర్ మీద, సీ భాషలో, ఒకే ఒక్క పేజీ నమూనా రాసిచ్చారు. దాన్ని చదివి, అర్థం చేసుకుని, పూర్తి భాషగా పెంచినవారు రోజర్ హుయ్. ఈయన హాంకాంగ్‌లో పుట్టి 1966లో కెనడాకు వచ్చిన వలస కుటుంబపు బిడ్డ. ఆల్బెర్టా యూనివర్సిటీలో చదివారు. ఆ భాష పేరు జె. 1990లో బయటికొచ్చింది. అప్పటికి ఐవర్సన్‌కు అరవై తొమ్మిదేళ్లు. ఆయన కొడుకు ఎరిక్ దాన్ని అందించే చిన్న కంపెనీ నడిపారు.

2004 అక్టోబర్ 16, శనివారం. ఐవర్సన్ జె పాఠం ఒకటి తయారుచేస్తూ కంప్యూటర్ ముందు ఉండగా పక్షవాతం వచ్చింది. మూడు రోజుల తర్వాత, 19న, టొరంటోలో కన్నుమూశారు. వయసు ఎనభై మూడు. పనిలోనే పోయారు.

మిగిలిందేమిటి?

2011లో జె సోర్స్ కోడ్‌ను కూడా అందరికీ తెరిచేశారు. ఇప్పుడు అది ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో కూడా నడుస్తుంది. విట్నీ అదే దారిలో తయారుచేసిన భాషలు స్టాక్ మార్కెట్ కంపెనీల్లో వాడుతున్నారు. మన పిల్లలు పైథాన్‌లో నమ్‌పై అని నేర్చుకుంటుంటే, వరసకు వరస ఒకేసారి లెక్కగట్టే ఆ పద్ధతి వెనుక ఐవర్సన్ నీడ ఉంది.

అలాగని మెయిన్‌ఫ్రేమ్ చచ్చిపోలేదు. బ్యాంకుల్లో కోట్ల లావాదేవీలు ఆగకుండా చూసుకునే పనిలో అది ఇప్పటికీ ఉంది. నలభై అంతస్తులు కట్టాలంటే టవర్ క్రేన్ కావాల్సిందే. అయితే కొత్తగా పని మొదలుపెట్టేవాడు, చేతిలో పెద్ద డబ్బు లేనివాడు, తన పనికి తానే యజమాని కావాలనుకునేవాడు చిన్న మిషన్ దగ్గరే మొదలుపెడతాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చిన్న సర్వర్లను ఎంచుకోవడం వెనుక చవక ఒక్కటే కాదు, ఇంకొకరి మిషన్ ముందు వరసలో నిలబడకుండా ఉండటం అన్నది కూడా ఉంది.

ఇక్కడికొచ్చాక మన ఊళ్లో చదివిన చదువుకు లెక్క లేదని, చేసిన అనుభవానికి విలువ కట్టరని మనలో చాలామందికి ఒక బాధ ఉంది. నాకూ ఉండేది. డిప్లొమా పట్టుకుని వచ్చి, మొదటి రెండు శీతాకాలాలు ఫార్మ్‌వర్క్ పలకలు మోసినవాణ్ని. రాత్రిపూట కోర్సు చదివి కదా సూపర్‌వైజర్ టోపీ పెట్టుకున్నాను. ఐవర్సన్ కథలో నన్ను పట్టుకున్నది అవార్డు కాదు. పొలం గట్టున కూర్చుని పోస్టులో వచ్చిన పాఠం చదివిన కుర్రాడు, అరవై తొమ్మిదేళ్ల వయసులో తాను సాధించినదాన్ని తానే పక్కన పెట్టి మళ్లీ విద్యార్థిలా కూర్చోగలగడం.

ఈసారి కామ్‌రోజ్ వైపు పని పడితే, టిమ్ హార్టన్స్ దగ్గర కాఫీకి ఆగినప్పుడు ఆ పొలాల వైపు ఒకసారి చూడండి. కూడా ఉన్న కుర్రాళ్లకు ఆయన పేరు చెప్పండి. చదువు మధ్యలో ఆగినవాళ్లు ఉంటే వాళ్లకు ముందు చెప్పండి.